ఘాట్ రోడ్డులో మోటారు సైకిల్: మలుపు రాకముందే ముగియవలసిన పని

విజయనగరం మైదానంలో ఏళ్ళ తరబడి బండి నడిపిన మనిషికి కూడా అరకు దారిలో ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి, బొడ్డవర దగ్గర కొండ ఎక్కడం మొదలుకాగానే భుజాలు బిగుసుకుపోతాయి. బండి నడపడం రాక కాదు. చదును రోడ్డు మీద ఒకదాని తరువాత ఒకటిగా తీరికగా చేసే పనులన్నీ, అంటే గేరు మార్చడం, బ్రేకు వేయడం, ఎదురు వచ్చేవాటిని గమనించడం, బండిని వంచడం, ఘాట్ రోడ్డులో ఒకే మలుపు దగ్గర ఒక్కసారిగా మీద పడతాయి. పక్కనున్న లోయ కంటే ఆ హడావుడే ఎక్కువ కంగారు పెడుతుంది. మలుపులోకి ప్రవేశించేసరికి వేగం తగ్గి, తగిన గేరు పడి, చూపు మలుపు అవతలి కొసకు చేరి ఉంటే, లోపల చేయవలసింది యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టుకోవడం ఒక్కటే మిగులుతుంది. భయం తగ్గే దారి అదే.

ఈ అలవాటు కొండ మీద కాదు, కింద మైదానంలోనే మొదలుకావాలి. లైసెన్సు పరీక్షలో వేయించే ఎనిమిది ఆకారాన్ని ఆ రోజు గడిచాక ఎవరూ మళ్ళీ తలుచుకోరు గానీ, హెయిర్‌పిన్ మలుపు అంటే దాదాపు అందులో సగమే. ఖాళీ మైదానంలో మొదటి గేరులో, క్లచ్‌ను సగం వదిలి, వెనక బ్రేకును తేలికగా అదిమి ఉంచి, కాలు కింద పెట్టకుండా ఎనిమిది తిప్పడం సాధన చేయండి. ఇంత తక్కువ వేగంలో వెనక బ్రేకు బండిని తూలకుండా నిలుపుతుంది. ముందు బ్రేకు ముట్టుకుంటే, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు బండి ఒక్కసారిగా లోపలికి ఒరిగిపోతుంది. తరువాత మీ ఊరి చెరువుగట్టు ఎక్కే వాలు మీద బండిని ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం నేర్చుకోవాలి. కుడి కాలితో వెనక బ్రేకు నొక్కి ఉంచి, క్లచ్‌ను నెమ్మదిగా వదులుతూ ఇంజిన్ శబ్దం బరువెక్కిన క్షణంలో యాక్సిలరేటర్ ఇస్తూ బ్రేకు వదలాలి. ఎక్కే దారిలో బస్సు వెనక ఆగవలసి వచ్చిన కొత్తవారు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

బండి విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. అరిగిన టైరుతో, పలచబడిన బ్రేకు షూలతో కొండ ఎక్కవద్దు. టైర్లలో గాలిని ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పిన మేరకు నింపించుకోవాలి. వెనక మనిషి ఉంటే వెనక టైరుకు చెప్పిన ఎక్కువ అంకెనే పాటించాలి. హెల్మెట్ ఇద్దరికీ ఐఎస్ఐ ముద్ర ఉన్నదై ఉండాలి, పట్టీ బిగించి ఉండాలి. పెట్రోలు కిందనే నింపుకోవడం మంచిది.

ఏ దారి ముందు, ఏ దారి తరువాత అన్నది చాలామంది ఆలోచించరు. స్నేహితులు పిలిచారని మొదటిసారే అరకు బయలుదేరుతారు. నా అభిప్రాయంలో పాలకొండ నుంచి సీతంపేట మీదుగా కొత్తూరు వైపు వెళ్ళే దారి మొదటి పాఠానికి తగినది: కొండలు మరీ ఎత్తు కావు, ఎక్కుడు దిగుళ్ళు వెంటవెంటనే వస్తాయి, ఒక మలుపులో చేసిన పొరపాటును తరువాతి మలుపులో దిద్దుకునే వీలుంటుంది. (2022 ఏప్రిల్ నుంచి పాలకొండ, సీతంపేట, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి గానీ, శ్రీకాకుళం, విజయనగరం వాసులకు అవి ఇంకా సొంత దారులే.) ఆ తరువాత ఎస్.కోట నుంచి అనంతగిరి వరకు ఎక్కే ఘాట్. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటే, దారి గాలికొండ దగ్గర అంతకంటే పైకి ఎక్కి మళ్ళీ దిగుతుంది; అంటే ఒకే ప్రయాణంలో ఎక్కడం, దిగడం రెండూ పూర్తి స్థాయిలో ఎదురవుతాయి. మొదట అనంతగిరి దాకా వెళ్ళి వెనక్కి రావడమే మేలు. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారిని, లారీల రద్దీ కారణంగా, చివరికి ఉంచుకోవాలి.

ఇక మలుపు. మలుపు కనిపించగానే బండి నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ వాడి వేగం తగ్గించి, గేరు దించి, క్లచ్ పూర్తిగా వదిలేయాలి. క్లచ్ పట్టుకుని మలుపు తిరగడం మన దగ్గర చాలామందికి ఉన్న చెడ్డ అలవాటు. అప్పుడు చక్రానికి ఇంజిన్‌తో సంబంధం తెగి, బండి తన బరువుకు తానే జారుతుంది. వేగం ఎంత తగ్గించాలన్న ప్రశ్నకు ఒక లెక్క గుర్తుంచుకోవచ్చు. మలుపులో టైరు భరించవలసిన పక్క బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, గంటకు 30 కిలోమీటర్ల వేగం 40కి పెరిగితే ఆ బలం దాదాపు ఒకటిముప్పావు రెట్లవుతుంది. పైగా 40 వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఎదురుగా పశువు కనిపించి చెయ్యి బ్రేకు మీద పడేలోపే ఆ దూరం అయిపోతుంది. కనిపిస్తున్న రోడ్డులో సగం దూరంలో ఆగగలిగినంత వేగమే సరైన వేగం.

మలుపు ఎంత బిగువుగా ఉందో ముందే తెలుసుకోవడానికి రోడ్డు రెండు అంచులూ దూరాన ఒకచోట కలిసినట్టు కనిపించే బిందువును చూస్తూ ఉండాలి. మీరు ముందుకు సాగుతున్నకొద్దీ ఆ బిందువు కూడా దూరం జరుగుతుంటే మలుపు విచ్చుకుంటున్నట్టు. అది మీ వైపే వచ్చేస్తుంటే మలుపు ఇంకా బిగుస్తున్నట్టు, వేగం ఇంకా తగ్గించాలన్నట్టు. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. పిట్టగోడ వైపో గోతి వైపో చూస్తూ దాన్ని తప్పించుకోవాలని ప్రయత్నించేవాడు సరిగ్గా దాని మీదకే వెళ్తాడు. కళ్ళతో పాటు గడ్డం కూడా మలుపు చివరి వైపు తిరగాలి. బండిని వంచడానికి శరీరాన్ని ఊపనక్కరలేదు. ఓ మోస్తరు వేగంలో కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను, ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు నెడితే బండి అటే ఒరుగుతుంది. చదును రోడ్డు మీద ఖాళీ చోట ప్రయత్నించి చూస్తే ఇది ఒక్క పూటలో చేతికి వస్తుంది.

కుడి మలుపు, ఎడమ మలుపు ఒకటి కావు. కుడి మలుపులో మనం బయటి అంచున ఉంటాం కాబట్టి చూపు బాగా సాగుతుంది. కానీ దగ్గరి దారి కోసం మధ్య గీత వైపు జరిగితే, చక్రాలు మన పక్కనే ఉన్నా వంగిన తల, భుజం ఎదుటివాడి దారిలోకి వెళ్తాయి. ఎడమ మలుపులో కొండ అడ్డుపడి ఏమీ కనిపించదు, వేగం ఎక్కువైతే బండి నేరుగా ఎదురు వాహనాల వైపు తోసుకుపోతుంది. దానికి తోడు ఎదుటి జీపువాడు అదే మలుపును అడ్డంగా కోసుకుంటూ మన పక్కకు వస్తాడు. అందుచేత ఎడమ మలుపుకు ముందు హారన్ కొట్టడం మర్యాద కిందే లెక్క.

అన్నిటిలోకీ కష్టమైనది, ఎక్కే దారిలో ఎడమకు తిరిగే హెయిర్‌పిన్. లోపలి అంచు చాలా నిటారుగా, ఇరుకుగా ఉంటుంది. కొత్తవారు ఆ అంచునే పట్టుకుని తిరగబోయి, ఇంజిన్ దడదడలాడి ఆగిపోయి, వాలు వైపు కాలు అందక బండితో సహా పడిపోతారు. దగ్గరకు రాకముందే పైనుంచి ఏదైనా దిగుతున్నదేమో తల ఎత్తి చూడాలి, ఎందుకంటే హెయిర్‌పిన్‌లో పై రోడ్డు సాధారణంగా కింది నుంచే కనిపిస్తుంది. బస్సు గానీ లారీ గానీ దిగుతుంటే మలుపుకు పది గజాల ముందే ఆగిపోవాలి, దానికి రోడ్డు వెడల్పు మొత్తం కావాలి. ఏమీ రాకపోతే లోపలి అంచు వదిలి మన వరుసలో కుడి వైపున ఉంటూ, 100 సీసీ బండి అయితే మొదటి గేరు, పెద్ద బండి అయితే రెండో గేరు ముందే వేసి, తల పూర్తిగా ఎడమ భుజం మీదుగా పై రోడ్డు వైపు తిప్పి, యాక్సిలరేటర్ వదలకుండా సాగాలి. మధ్యలో గేరు మార్చవద్దు. వెనక మనిషి ఉంటే, తిరిగేటప్పుడు భయపడి అవతలి వైపుకు ఒరగవద్దని, మీ భుజం మీదుగానే చూడమని బయలుదేరే ముందే చెప్పి ఉంచాలి.

దిగడం ఎక్కడం కంటే కష్టం. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగేవారు ఇప్పటికీ కనిపిస్తారు. పది రూపాయల పెట్రోలు కోసం బండికి ఉన్న నమ్మకమైన బ్రేకును వదులుకోవడం అది. ఎక్కడానికి ఏ గేరు అవసరమైందో దిగడానికీ దాదాపు అదే గేరు వాడితే ఇంజినే వేగాన్ని పట్టి ఉంచుతుంది. బ్రేకును అదిమిపట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా వేసి, వేగం తగ్గగానే వదిలేయాలి. అప్పుడు డ్రమ్ము చల్లబడే వ్యవధి ఉంటుంది. స్కూటర్లవారు మరింత జాగ్రత్తపడాలి. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి వేగం బాగా తగ్గితే స్కూటరు క్లచ్ దానంతట అదే విడిపోతుంది, ఇక ఇంజిన్ పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. కాలిన వాసన వచ్చినా, లివర్ మెత్తబడినా వెడల్పయిన చోట ఆపి చల్లారనివ్వాలి. 125 సీసీకి మించిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది గానీ, చాలా బండ్లలో అది ముందు చక్రానికే ఉంటుంది. ఒరిగి ఉన్న బండిని జారకుండా కాపాడే పని దానిది కాదు.

అన్నీ సరిగ్గా చేసినా ఏదో ఒక మలుపులోకి వేగంగా వెళ్ళిపోతాం. అప్పుడు చెయ్యి తనంతట తాను ముందు బ్రేకును పట్టేస్తుంది, బండి నిటారై నేరుగా పోతుంది. ఆ క్షణంలో కళ్ళను బలవంతంగా మలుపు చివరికి తిప్పి, లోపలి హ్యాండిల్‌ను ఇంకాస్త నెట్టి, వెనక బ్రేకు మాత్రం తేలికగా తాకించాలి. చాలా సందర్భాలలో బండి, మనం నమ్మిన దానికంటే ఎక్కువే ఒరగగలదు.

రోడ్డు ఉపరితలం మన దగ్గర రుతువును బట్టి మారుతుంది. వానకాలంలో కల్వర్టుల దగ్గర ఎర్రమట్టి, కంకర కొట్టుకొచ్చి మలుపు లోపలి అంచున పేరుకుంటాయి. కోతల కాలంలో ఏజెన్సీ ఊళ్ళ దగ్గర వరి, చోళ్ళు రోడ్డు మీదే ఆరబోస్తారు. గింజల మీద టైరుకు పట్టు ఉండదు, గడ్డి మీద అసలే ఉండదు. ఆరబోసిన చోటు చుట్టూ పేర్చిన రాళ్ళు పంట ఎత్తేసిన తరువాత కూడా అక్కడే మిగిలిపోయి, సందెచీకటిలో కనపడవు. సంత రోజున నిండిన జీపులు, ఆటోలు రోడ్డు మధ్యలోనే ఆగి మనుషులను ఎక్కించుకుంటాయి. డిసెంబరు, జనవరి నెలల పొద్దున అనంతగిరి వైపు మంచు కమ్మితే హైబీమ్ వేయడం వల్ల తెల్లని గోడ తప్ప ఏమీ కనిపించదు, డిమ్‌లో ఉంచి నెమ్మదించాలి.

సాలూరు ఘాట్‌లో బరువుతో ఎక్కే లారీకి మరీ దగ్గరగా వెనక నిలబడవద్దు. గేరు తప్పితే అది వెనక్కి జారుతుంది. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపిస్తేనే మీరు అతనికి కనిపిస్తున్నట్టు. అతను కుడి సిగ్నల్ వేస్తే వెళ్ళమన్నాడో, ఎదురు వాహనం ఉందన్నాడో చెప్పలేం కాబట్టి, ముందు రోడ్డు మీ కళ్ళకు కనిపించినప్పుడే దాటాలి. ఇరుకు చోట దిగేవారే ఆగి ఎక్కేవారికి దారి ఇవ్వాలన్నది మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది.

చీకటి పడేలోపు కిందికి దిగిపోయేలా ప్రయాణం కుదుర్చుకోవాలి. సీతంపేట, భామిని, కొత్తూరు, కొమరాడ ప్రాంతాలలో ఒడిశా వైపు నుంచి వచ్చిన అడవి ఏనుగుల సంచారం ఉంది. బయలుదేరే ముందు టీ కొట్టులోనో అటవీ సిబ్బందినో అడిగితే ఆ రోజు ఎటువైపు ఉన్నాయో చెబుతారు. రోడ్డు మీద ఎదురైతే హారన్ కొట్టకుండా, లైటు మిణకరించకుండా, దూరంలోనే బండి తిప్పుకుని దగ్గరి ఊరికి వెళ్ళి ఆగాలి.