రీబ్రీదర్‌లో ఆయాసం: ముందు సోడాలైమ్‌ని అనుమానించండి

రీబ్రీదర్ అంటే మనం వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే డైవింగ్ మెషిన్. అందులో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేసే తెల్లటి గుళికలే సోడాలైమ్. హైదరాబాద్‌కి సముద్రం లేదు. అందుకే సోడాలైమ్ డబ్బా నెలల తరబడి ఇంట్లో పడి ఉంటుంది, అండమాన్ టికెట్లు బుక్ అయ్యాకే గుర్తొస్తుంది. చాలా తంటాలు అక్కడే మొదలవుతాయి.

లక్షణం: ఈత గట్టిగా కొట్టకపోయినా ఆయాసం, తలనొప్పి, ఊరికే టెన్షన్

నీళ్లలో ఉండగా కారణం వెతకొద్దు. వెంటనే బెయిలవుట్‌కి, అంటే వెంట తీసుకెళ్లిన విడి గాలి సిలిండర్‌కి, మారి డైవ్ ముగించండి. కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగాక రెండు క్షణాలు ఊపిరి బిగబట్టి మౌత్‌పీస్ మార్చడం కూడా కష్టమే. మారాక కూడా ఆయాసం ఒక్కసారిగా తగ్గదు, కంగారు పడొద్దు. ఆక్సిజన్ సెన్సర్ల అంకెలు బాగున్నాయని ఆగకండి, అవి కొలిచేది ఆక్సిజన్‌నే.

ఒడ్డుకొచ్చాక ముందు చూడాల్సింది సోడాలైమ్ వాడిన గంటలు. నింపిన తేదీ, నీళ్లలో గడిపిన నిమిషాలు టేపు మీద రాసి స్క్రబ్బర్‌కి (మెషిన్‌లో సోడాలైమ్ నింపే భాగానికి) అంటించండి. "సగమే అయిందేమో" అన్న అంచనా పనికిరాదు. వాడేకొద్దీ రంగు మారే సోడాలైమ్ రకాన్నీ నమ్మను, వాడేసిన గుళికలు కాసేపు ఊరకుంటే మళ్లీ తెల్లబడతాయి. చల్లటి నీళ్లలో, లోతులో, గట్టిగా ఈదినప్పుడు సరుకు త్వరగా అయిపోతుంది. బయటికి తీసిన గుళికల్ని తిరిగి నింపొద్దు.

గంటలు పరిమితిలోనే ఉన్నాయా? అయితే నింపిన తీరు చూడండి. బియ్యం డబ్బాలో ఇంకో గ్లాసు పట్టించడానికి పక్కల తడతాం కదా, అలాగే కొద్దికొద్దిగా పోస్తూ తట్టాలి. సందు మిగిలితే గాలి అందులోంచే జారిపోతుంది. గాలి జారకుండా ఆపే రబ్బరు చుట్టు, ఓ-రింగ్, పెట్టడం మరిచిపోయినా అంతే.

తాజా సరుకుతోనూ ఆయాసం వస్తే గాలిని ఒకవైపే పోనిచ్చే మౌత్‌పీస్ వాల్వులు చూడండి. పీల్చే గొట్టం చేత్తో మూసి పీలిస్తే గాలి రాకూడదు. వదిలే గొట్టం మూసి ఊదితే పోకూడదు. డైవ్‌కి ముందు ఐదు నిమిషాలు పీల్చి చూసినంత మాత్రాన స్క్రబ్బర్ బాగున్నట్టు కాదు.

ఇక మన ఊరి ఎండ. సోడాలైమ్ పనిచేయడానికి అందులో తేమ ఉండాలి. మూత సరిగ్గా పెట్టని డబ్బా మే నెలలో బాల్కనీలో ఉంటే ఎండిపోతుంది. నీళ్లు చిలకరించి బాగుచేద్దామనుకోకండి, పారేయండి.

లక్షణం: గొట్టంలో గలగల, నోట్లో మంట

లోపలికి నీళ్లు చేరి, సోడాలైమ్‌ని తడిపి నోటిదాకా వచ్చాయి. సోడాలైమ్‌లో ప్రధాన సరుకు తాంబూలంలో వేసుకునే సున్నమే, తోడు కాస్త సోడియం హైడ్రాక్సైడ్. తాంబూలంలో సున్నం ఎక్కువైతేనే నోరు పొక్కుతుంది, ఇది అంతకంటే ఘాటు. బెయిలవుట్‌కి మారి పైకి రండి, మంచినీళ్లతో చాలాసేపు పుక్కిలించండి, వాంతి చేయించకండి, డాక్టర్‌కి చూపించండి. తర్వాత లీకు వెతకండి.

కొత్తగా కొనేవాళ్లకి

నేనైతే ముందు అడిగేది స్క్రీన్ గురించి కాదు, ఆ మెషిన్‌కి కంపెనీ ఏ రకం సోడాలైమ్‌తో, ఎంత చలిలో, ఎన్ని నిమిషాలు పరీక్షించింది అని. సర్జికల్ షాపుల్లో మత్తు మెషిన్లకి అమ్మేది చవగ్గా దొరుకుతుంది, కానీ ఆ గుళికలు సాధారణంగా పెద్దవి. డైవింగ్‌కి ఎక్కువగా వాడేవి 1 నుంచి 2.5 మిల్లీమీటర్లు, సన్న సగ్గుబియ్యమంత. మాన్యువల్‌లో లేని రకం చవగ్గా వచ్చినా నింపకండి.