లెక్క తేలాకే వెక్కిరింత: టెక్ వార్తకీ సైఫై సినిమాకీ రియాక్షన్ రాసే పద్ధతి

“5 నిమిషాల్లో కారు ఫుల్ ఛార్జ్!” అనే వార్త రాగానే “ఇక పెట్రోల్ బంకులకి తాళాలే” అని ఒకరు, “కారుతో పాటు మనమూ వేగిపోతాం” అని ఇంకొకరు రాసి పడేస్తారు. రెండూ నవ్వు తెప్పించవు. ఎందుకంటే ఆ రెండు మాటలకీ వార్త చదవక్కర్లేదు, హెడ్‌లైన్ చాలు. రియాక్షన్ రాయడమంటే జోకు కోసం తల బద్దలు కొట్టుకోవడం కాదు. వార్తలోనో సినిమాలోనో ఒక అంకె పట్టుకుని లెక్క కట్టడం. లెక్క తేలితే వెటకారం దానంతటదే వస్తుంది.

ఆ కారు సంగతే చూద్దాం. హెడ్‌లైన్లో “ఫుల్” అని ఉంటుంది, లోపలికెళ్తే మూడో పేరాలో “10 నుంచి 80 శాతం” అని ఉంటుంది. బ్యాటరీ 75 కిలోవాట్ అవర్లది అనుకోండి. అందులో 70 శాతం అంటే 52.5. ఐదు నిమిషాలంటే గంటలో పన్నెండో వంతు, కాబట్టి 52.5ని 12తో గుణించాలి. 630 కిలోవాట్లు వస్తుంది. ఈ అంకె చదివి ఎవరూ ఉలిక్కిపడరు. ఇంట్లో ఉండే వస్తువులోకి దించాలి. ఒక ఏసీ 1.5 కిలోవాట్లు లాగుతుందనుకుంటే, సరిగ్గా 420 ఏసీలు ఒకేసారి ఆన్ చేసినట్టు.

420 చేతికి దొరికాక “ఇది ఫోర్ ట్వంటీ వార్త” అని రాయకుండా ఆగడం కష్టమే. ఆగాలి. మెగావాట్ స్థాయి ఛార్జర్లు నిజంగానే ఉన్నాయి, వార్త మోసం కాదు. పేలే జోకు కోసం తప్పు అభిప్రాయం రాస్తే, విషయం తెలిసినవాడు రెండో లైన్‌లోనే మిమ్మల్ని వదిలేస్తాడు. అసలు కీలకం ఇంకోచోట ఉంది: ఇలాంటి కార్లు పది పక్కపక్కన నిలబడితే 6.3 మెగావాట్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? అప్పుడు రాయాల్సిన వాక్యం ఇది: “కారు సిద్ధంగానే ఉంది. చెమటలు పడుతున్నది వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కి.” ఇందులో వెటకారం ఉంది, అభిప్రాయం ఉంది, లెక్క కూడా ఉంది.

వార్త దగ్గర ఎక్కడ తవ్వాలి

హెడ్‌లైన్ రాసినవారు, వార్త రాసినవారు, ప్రెస్ నోట్ రాసినవారు, పరిశోధన చేసినవారు నలుగురూ వేరు. అతిశయోక్తి ఈ నలుగురిలో ఎవరి దగ్గర మొదలైందో తేల్చకుండా పెన్ను ఎత్తకండి. వార్తలోంచి ప్రెస్ నోట్‌కి, అక్కణ్ణుంచి పరిశోధన పేపర్‌కి వెళ్లండి. పేపర్ మొత్తం అర్థం కానక్కర్లేదు. సంక్షిప్తం, చివర్లో పరిమితుల గురించి రాసిన పేరా, బొమ్మల కింది వివరణలు చదివితే ముప్పావు పని అయిపోయినట్టే. బ్యాటరీ అయితే అది బటన్ సైజు సెల్లా, కారు సైజు ప్యాకా, ఎన్నిసార్లు ఛార్జ్ చేసి చూశారు అన్నది చూడాలి. రోబో వీడియో అయితే తెర మూలన చిన్న అక్షరాల్లో వేగం ఎన్ని రెట్లు పెంచారో ఉందా, మధ్యలో ఎన్ని కట్‌లు పడ్డాయి, తెర వెనక రిమోట్ పట్టుకుని మనిషి ఎవరైనా ఉన్నారా అన్నది చూడాలి. మందు అయితే ఎలుకలకా, మనుషులకా?

ఎలుకల వార్తకి మన భాషలో సామెత ముందే తయారుగా ఉంది. “కొండను తవ్వి ఎలుకను పట్టారు” అంటే అరిగిపోయిన మాట. “కొండను తవ్వి ఎలుకను పట్టారు, ఆ ఎలుకకి జబ్బు కూడా నయం చేశారు. మనుషుల వంతు ఇంకా రాలేదు” అంటే వార్తలో ఏం జరిగిందో కచ్చితంగా చెప్పినట్టు.

ఒక వస్తువు ఎంత దూరంలో ఉందో చెప్పడానికి నాసా వాడే 1 నుంచి 9 మెట్ల సన్నద్ధత కొలత పనికొస్తుంది. 1 అంటే సూత్రం కాగితం మీద కనబడింది. 9 అంటే అసలైన ప్రయాణంలో పనిచేసి చూపించింది. చాలా “విప్లవాలు” 3, 4 మెట్ల దగ్గర కూర్చుని ఉంటాయి. మెట్టు చెప్పేస్తే “త్వరలో” అనే మాటని మీరు విడిగా తిట్టక్కర్లేదు.

మంచి ముడిసరుకు ఎలా ఉంటుందో ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలని కలిపి శక్తి పుట్టించడం) వార్త చూపిస్తుంది. 2022 డిసెంబర్ 5న అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్ల కిరణాలతో ఇంధనపు గుళిక ఉన్న లక్ష్యం మీదకి 2.05 మెగాజౌళ్ల శక్తి పంపితే 3.15 మెగాజౌళ్లు బయటికొచ్చింది. పెట్టిన దానికంటే ఎక్కువ రావడం అదే మొదటిసారి. అయితే ఆ లేజర్లను వెలిగించడానికి గ్రిడ్ నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్లు. 3.15 మెగాజౌళ్లంటే గది వేడిమిలో ఉన్న 10 లీటర్ల నీళ్లు మరిగే స్థాయికి చేరేంత. “192 లేజర్లు పెట్టి పది లీటర్ల నీళ్లు కాచారు” అని రాయొచ్చు, నవ్వుతారు కూడా. కానీ పక్కనే “గుళిక లెక్కలో ఇది నిజమైన గెలుపు, కరెంటు బిల్లు లెక్కలో ఇంకా వంద వంతుల్లో ఒక వంతు” అని చెప్పాలి. వెక్కిరింత శాస్త్రవేత్తలకి కాదు, “అపరిమిత విద్యుత్ వచ్చేసింది” అని హెడ్‌లైన్ పెట్టినవారికి.

ఎవరిని వెక్కిరించాలన్న దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. 2011 సెప్టెంబర్‌లో ఒపెరా ప్రయోగం వారు, సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాల దాకా సుమారు 730 కిలోమీటర్లు వెళ్లిన న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందొచ్చినట్టు కనిపిస్తోందని ప్రకటించారు. తర్వాత తేలిన ప్రధాన కారణం, సరిగ్గా బిగించని ఫైబర్ కేబుల్. “ఐన్‌స్టీన్‌ని ఓడించబోయింది ఒక వదులు ప్లగ్గు” అనడం చక్కని వాక్యం. ఆ బృందాన్ని మూర్ఖులనడం మాత్రం అన్యాయం, ఎందుకంటే తమ లెక్కలో తప్పుంటే పట్టుకోండని ప్రపంచాన్ని అడిగింది వాళ్లే. 2023 జులైలో వచ్చిన ఎల్‌కె-99 సంగతి కొంచెం వేరు. అది గది వేడిమిలోనే సూపర్‌కండక్టర్, అంటే ఏ నిరోధమూ లేకుండా కరెంటు పంపే పదార్థం, అని చెప్పుకున్నారు. సమీక్ష జరగకముందే పేపర్ బయటికొచ్చింది, అరకొరగా గాల్లో లేచిన ముక్క వీడియో ఊరంతా తిరిగింది, కొద్ది వారాల్లోనే ఇతర ప్రయోగశాలలు “గది వేడిమిలో సూపర్‌కండక్టర్” అన్న మాటని కొట్టిపారేశాయి. నిరోధం హఠాత్తుగా పడిపోవడానికి అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ మలినమే కారణమన్నారు. ఇక్కడ వెటకారానికి పాత్రులు ఆ నాలుగు వారాల్లో షేర్లు కొన్నవారు, భవిష్యత్తు రాసేసినవారు. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు వెర్షన్ 2.0” అన్నది వాళ్లకే.

సినిమాకి ఒక అబద్ధం ఉచితం

సైఫై సినిమా మొదట్లో ఒక అబద్ధం అడుగుతుంది: కాలయంత్రం ఉంది, కాంతికంటే వేగంగా వెళ్లొచ్చు, రోబోకి మనసుంది. అది ఇచ్చేయండి. అంతరిక్షంలో పేలుడు శబ్దం వినబడిందన్న ఫిర్యాదూ మానేయండి, అది అందరూ నమిలి ఉమ్మేసింది. ఎవరైనా నిశ్శబ్దాన్ని నిశ్శబ్దంగానే వదిలేస్తే అప్పుడు మెచ్చుకోండి, 1968లోనే ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ ఆ పని చేసింది. మీ వేట రెండో అబద్ధం కోసం. సినిమా తను పెట్టుకున్న నియమాన్ని తనే మీరిన చోటు కోసం.

మొదటిసారి చూసేటప్పుడు కాగితం పెన్ను దగ్గర పెట్టుకోవద్దు. తప్పులు వెతుకుతూ చూస్తే సినిమా ఎక్కడ పట్టుకుందో తెలియదు, ఆ మాట లేని రియాక్షన్ ఇన్వాయిస్‌లా ఉంటుంది. రెండోసారి గంట, నిమిషం వేసుకుంటూ రాసుకోండి. డైలాగ్ ఉటంకించాలంటే ఆడియో విని రాయండి. సబ్‌టైటిల్‌లో మాట మారిపోయి ఉంటుంది, మీ జోకు అనువాదకుడి మీద పడుతుంది.

‘ది మార్షియన్’ (2015) మొదట్లో అంగారకుడి మీద రాకెట్‌ని ఒరగదోసేలా వచ్చే తుఫానుని లెక్క కడదాం. అంగారకుడి మీద గాలి సాంద్రత భూమి మీదున్న దానిలో సుమారు 60వ వంతు. గాలి తోసే బలం సాంద్రతతోనూ, వేగం వర్గంతోనూ పెరుగుతుంది. 60కి వర్గమూలం దాదాపు 7.75. కాబట్టి అక్కడ గంటకి 160 కిలోమీటర్ల గాలి, ఇక్కడ గంటకి 20 కిలోమీటర్ల గాలిలా తోస్తుంది. రాకెట్ ఒరిగిపోవడం అటుంచి, ఆరేసిన చొక్కా ఊగుతుందంతే. అయితే ఆ కథ రాసిన ఆండీ వీర్‌కి ఇది తెలుసు, కథ నడవడానికి కావాలనే పెట్టానని ఆయనే చెప్పాడు. అంటే ఇది తెలిసి వాడుకున్న ఉచిత అబద్ధం. “తెలుసుకోలేదు” అని రాస్తే మీరే నవ్వులపాలవుతారు.

‘గ్రావిటీ’ (2013)లో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ దగ్గరున్నవాళ్లు జెట్ ప్యాక్ మీద అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరతారు. భూమధ్యరేఖతో పోలిస్తే హబుల్ కక్ష్య వంపు 28.5 డిగ్రీలు, కేంద్రానిది 51.6. ఈ వంపు మార్చాలంటే కనీసం సెకనుకి 3 కిలోమీటర్ల వేగం తేడా కావాలి. 1984లో నాసా వ్యోమగాములు వాడిన జెట్ ప్యాక్ ఇవ్వగలిగింది సెకనుకి 25 మీటర్ల లోపే. అంటే అలాంటివి 120 వీపున కట్టుకున్నా చాలవు, ఎందుకంటే ఆ 120 బరువునీ మొదటిది మోయాలి. ఇది కథకి ప్రాణమే, అయినా భౌతికశాస్త్రం మీద అంత శ్రద్ధ పెట్టిన సినిమా కాబట్టే గట్టిగా అడగొచ్చు. కార్టూన్‌లా తీసినదాన్ని ఇలా అడగడం దండగ.

‘ది మేట్రిక్స్’ (1999)లో యంత్రాలు మనుషుల్ని బ్యాటరీలుగా వాడతాయి. రోజుకి 2000 కిలోక్యాలరీలు తినే మనిషి సగటున 97 వాట్లు ఖర్చు చేస్తాడు, ఆ వేడి మొత్తం పట్టుకున్నా పెట్టిన తిండి కంటే ఎక్కువ రాదు. ప్రపంచాన్ని జయించిన కృత్రిమ మేధకి తిండిని నేరుగా పొయ్యిలో వేస్తే సరిపోతుందని తట్టలేదు!

అంగారకుడితో ఫోన్‌లో ముచ్చట్లాడే సీను ఎక్కడ కనబడినా వదలొద్దు. సిగ్నల్ ఒకవైపు వెళ్లడానికే గ్రహాల స్థానాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. “ఎలా ఉన్నావ్” అని అడిగి, బట్టలు ఉతికి ఆరేసి వచ్చేసరికి “బాగున్నా” అని వినబడాలి.

వాక్యం కట్టడం

వాక్యం చివర పంచ్ పెట్టడానికి మంచి కుర్చీ. తెలుగులో అక్కడ మామూలుగా క్రియ కూర్చుంటుంది, అవసరమైతే దాన్ని లేపి పంచ్‌ని కూర్చోబెట్టండి. “పది లీటర్ల నీళ్లు కాచడానికి 192 లేజర్లు, 300 మెగాజౌళ్లు వాడారు” అంటే గాలి ముందే పోయింది. “192 లేజర్లు. 300 మెగాజౌళ్లు. కాగినవి పది లీటర్ల నీళ్లు” అంటే చివరి దాకా బిగువు నిలుస్తుంది. పంచ్ తర్వాత వివరణ ఇవ్వొద్దు, ఆశ్చర్యార్థకాలు వరసగా పేర్చొద్దు. మీ జోకుకి మీరే “హహహ” అంటే మిగిలినవాళ్లకి ఆ పని తగ్గుతుంది.

గ్రాంథికం ఒక్క చిటికెడు చాలు. “సదరు రోబో కాఫీ కప్పును భూమాతకు సమర్పించెను” అని ఒక్కసారి బాగుంటుంది, రెండోసారి నాటకం. సాంకేతిక పదాలకి కొత్త తెలుగు పుట్టించే పనీ పెట్టుకోవద్దు. బ్యాటరీ, చిప్, సర్వర్ అనే రాయండి. చదివేవాడు పదం దగ్గర ఆగితే జోకు దాటిపోతుంది. నటుల రూపం, యాస, శాస్త్రవేత్తల పేర్లు వెటకారానికి సరుకు కావు.

ముందు అసలు వార్త ఏమంటోందో ఒకటి రెండు వాక్యాల్లో, ఆ వార్త రాసినవాళ్లు చదివినా “అవును, మేమన్నది అదే” అనేలా చెప్పండి. తర్వాత అంకె, ఇంటి వస్తువు, మీ తీర్పు. మొత్తం 300 పదాలు దాటితే రెండో జోకు మొదటిదాన్ని తినేస్తోందేమో చూడండి. సినిమా ముగింపు బయటపెట్టాల్సి వస్తే ముందు ఒక లైన్‌లో హెచ్చరించి, ఖాళీ వదిలి రాయండి.

రాశాక యూనిట్లు మళ్లీ చూడండి. కిలోవాట్‌నీ కిలోవాట్ అవర్‌నీ కలిపేయడం నంబర్ వన్ తప్పు: మొదటిది కొళాయి ధార, రెండోది బకెట్. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు, తొందరలో ఒక సున్నా జారుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ 10కి “రెట్టింపు వేడి” కాదు. ప్రమాదం 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగితే హెడ్‌లైన్ “50 శాతం పెరిగింది” అంటుంది. అదీ అబద్ధం కాదు, కానీ మీరు రెండంకెలూ రాయాలి.

తీర్పు చెప్పేటప్పుడు “ఇది జరగదు” అని గాల్లో వదలొద్దు. “రెండేళ్లలో కొనడానికి దొరకదు, దొరికితే నేను తప్పు” అని తేదీ పెట్టండి, ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. తప్పని తేలితే సవరణని అడుగున కాకుండా పైనే పెట్టి, పాత అంకెని చెరపకుండా గీత కొట్టి, పక్కన కొత్తది రాయండి. పాత అంకె మీద ఆధారపడ్డ జోకుకి కూడా గీత కొట్టాల్సిందే.