వడగాడ్పులకు ముందు ఫ్రిజ్ జాగ్రత్తలు: ఫ్రీజర్‌లో కత్తి పెట్టవద్దు

విజయవాడ సత్యనారాయణపురంలో, మా వీధిలోని ఒక ఇంట్లో, ఫ్రీజర్‌లో మంచుకు అంటుకుపోయిన పాల ప్యాకెట్టును ఇటీవల స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించబోయారు. బుస్సుమంటూ గ్యాస్ బయటికి వచ్చింది. పక్కనున్న స్టవ్ ఆ సమయంలో వెలగకపోవడం వల్ల ఫ్రిజ్ పాడవడంతోనే గండం గడిచింది. రోహిణి కార్తె ఇంకా రాలేదు. ఎండలు ముదిరేకొద్దీ చల్లటి నీళ్ల కోసం తలుపు తెరవడం ఎక్కువవుతుంది, తెరిచిన ప్రతిసారీ లోపలికి వెళ్లే గాలిలోని తేమ ఫ్రీజర్ గోడలకు మంచుగా పేరుకుంటుంది, ఆ మంచును గీకే చేతులూ పెరుగుతాయి.

గిన్నెలకు మూత పెట్టాలని, వేడి కూర లోపల పెట్టకూడదని అందరికీ తెలుసు. వాటిని విడిచిపెడుతున్నాను. మంచి ఫ్రిజ్‌లు ఒక్క పూటలో పనికిరాకుండా పోవడానికి కారణంగా నేను మళ్లీ మళ్లీ చూసినది ఒక్కటే: ఫ్రీజర్ మంచును కత్తితోనో, అట్లకాడతోనో, స్క్రూడ్రైవర్‌తోనో పొడవడం.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌ను వస్తువులు పెట్టుకునే ఒట్టి పెట్టె అనుకోకూడదు. చాలావాటిలో రెండు పలుచని అల్యూమినియం రేకులను ఒకటిగా అతికించి, వాటి మధ్య సన్నని నాళాలు ఉబ్బేలా చేస్తారు. మంచు లేనప్పుడు గోడను తడిమితే వేలికి గట్లుగట్లుగా తగిలేవి అవే. కంప్రెసర్ ఒత్తిడికి వెనుక జాలీలోనో, పక్క గోడల్లోనో వేడిని వదిలి ద్రవంగా మారిన గ్యాస్, ఈ నాళాల్లో తక్కువ ఒత్తిడి దగ్గర మరిగి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. చల్లదనం పుట్టేది సరిగ్గా అక్కడే, కత్తి మొన దిగేదీ అక్కడే. రంధ్రం పడ్డాక పైన బంక పూస్తే ప్రయోజనం లేదు. గ్యాస్ పోయి, దాని స్థానంలో గాలీ తేమా చేరిపోతాయి.

ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడేది ఐసోబ్యూటేన్, అంటే ఆర్600ఏ. మోతాదు కొన్ని పదుల గ్రాములే అయినా అది వంటగ్యాస్ కుటుంబానికి చెందినదే. గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారున పరుచుకుంటుంది. వంటగ్యాస్‌లో కలిపే ఘాటు వాసన దీనికి ఉండదు కనుక లీకయినట్టు ముక్కుకు తెలియదు. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో వెనుక అంటించిన చీటీ మీద రాసి ఉంటుంది, ఈరోజే చూడండి.

మంచు అర సెంటీమీటరు మందం చేరగానే కరిగించాలి. ఆ పొర చలిని అడ్డుకుంటుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. కరిగించడానికి డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి, లేదా ప్లగ్ తీసి, కింద పాత బట్ట పరిచి, తలుపు తెరిచి వదిలేయాలి. మన ఎండల్లో దానంతట అదే జారిపోతుంది. తొందర ఉన్నా కత్తి వద్దు.

ఉష్ణ ప్రాంతాల కోసం తయారయ్యే ‘టీ’ తరగతి ఫ్రిజ్‌ను 16 నుంచి 43 డిగ్రీల పరిసర వేడికి రూపొందిస్తారు. విజయవాడ, గుంటూరుల్లో వడగాడ్పుల రోజుల్లో ఉష్ణోగ్రత ఆ హద్దు దాటడం కొత్త కాదు. కాబట్టి పడమటి ఎండ పడే గోడకు ఫ్రిజ్‌ను ఆనించవద్దు, వెనుక జానెడు ఖాళీ వదలండి, జాలీ మీద దుమ్ము దులపండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు 5 నిమిషాలు ఆగి ఆన్ చేయండి. రెండు వైపులా గ్యాస్ ఒత్తిడి సమం కాకముందే కంప్రెసర్ లేవబోతే మోటారు మీద భారం పడుతుంది. ఆలస్యంగా ఆన్ చేసే ఏర్పాటున్న స్టెబిలైజర్ అయితే ఆ వ్యవధి అదే చూసుకుంటుంది. కరెంటు లేనంతసేపు తలుపు తెరవకండి. మామూలు రోజుల్లో ఫ్రిజ్ లోపలి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి.

జంక్షన్ బాక్సుకు ఫ్రిజ్ తగిలించవద్దు. ఎర్త్ లేని ప్లగ్గు వాడవద్దు. తడి చేత్తో, ఉత్త కాళ్లతో తలుపు పట్టుకోవద్దు. షాక్ కొడితే ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, చెప్పులు వేసుకుని సర్దుకుపోవద్దు. వంటగ్యాస్ సిలిండర్ నుంచి ఫ్రిజ్‌కు గ్యాస్ ఎక్కిస్తానన్న మెకానిక్‌ను గడప తొక్కనివ్వవద్దు. చీటీ మీద ఉన్న గ్యాస్ తప్ప మరొకటి నింపనివ్వవద్దు. సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ కొంటుంటే 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిందేమో అడగండి. పాత ఫ్రిజ్‌ను పారేసేటప్పుడు తలుపు ఊడదీయండి, పిల్లలు లోపల దాక్కుంటారు. బుస్సుమన్న శబ్దం వినిపిస్తే స్టవ్ కట్టేయండి, కిటికీలు తెరవండి, వంటింట్లో ఏ స్విచ్చూ వేయవద్దు, తీయవద్దు, ఫ్రిజ్ ప్లగ్గు కూడా లాగవద్దు. మెయిన్ స్విచ్ బయట ఉంటే అక్కడ ఆపి మెకానిక్‌ను పిలవండి. ఐస్ ట్రే ఊడి రాకపోతే దాని మీద మామూలు నీళ్లు కొద్దిగా చిలకరించి నిమిషం ఆగండి. ఫ్రీజర్‌లో కత్తి పెట్టవద్దు, పనిమనిషిని పెట్టనివ్వవద్దు, పిల్లల చేతికి చెంచా కూడా ఇవ్వవద్దు.