అల్లం పచ్చడి టోస్ట్: పదిమంది వచ్చే సాయంత్రానికి

ఇంటికి పదిమంది వస్తున్నారంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేవి బజ్జీలు. వేడివేడిగా చాలా బాగుంటాయి, కాదనను. కానీ బజ్జీలు వేసే మనిషి ఆ సాయంత్రమంతా మూకుడు దగ్గరే ఉండిపోవాలి. హాల్లో అందరూ కబుర్లాడుకుంటుంటే ఒక్క మనిషి వంటింట్లో వాయి తర్వాత వాయి దించుతూ ఉండడం నాకు నచ్చదు. పిలిచిన వాళ్లతో కూర్చోలేకపోతే పిలవడం దేనికి? అందుకని దసరా పేరంటానికైనా, పిల్లల పుట్టినరోజుకైనా, మా వీధి ఆడవాళ్లం కలిసే ఆదివారానికైనా నేను అల్లం పచ్చడి టోస్ట్ చేస్తాను. తీపి, కారం, పులుపు మూడూ తగులుతూ కరకరలాడుతుంది. ముప్పావు వంతు పని ముందురోజే అయిపోతుంది.

కాల్చిన రొట్టె ముక్క మీద ఏదో ఒకటి పెట్టి అతిథులకు ఇవ్వడం ఇటలీవాళ్లకు బాగా అలవాటు. పెద్ద ముక్కలైతే బ్రుస్కెట్టా అంటారు, చిన్నవైతే క్రోస్తీనీ. జున్నులాంటి చీజ్ రాసి పైన తేనో, పళ్ల జామో వేయడం కూడా ఉంది. ఆ చీజులు, జాములు మా కాకినాడలో వెతికి కొనడానికి డబ్బూ ఎక్కువే, శ్రమా ఎక్కువే. వాటితో పనేముంది? తీపి, ఉప్పు, పులుపు, కారం ఒక్క చెంచాలో ఉన్న అల్లం పచ్చడి మన ఇంట్లోనే ఉంది. పెసరట్టు పక్కన అది ఎంత బాగుంటుందో కాల్చిన బ్రెడ్డు మీద కూడా అంతే బాగుంటుంది. దాని కింద చల్లటి, చిక్కటి పెరుగు ఒక పూత ఉంటే ఘాటు తగ్గి రుచి నిండుగా వస్తుంది.

ఈ వంటకంలో చూసుకోవాల్సిందల్లా నీరు. బ్రెడ్డులో నీరు పోవాలి, పచ్చడిలో నీరు పోవాలి, పెరుగులో నీరు పోవాలి. ఈ మూడూ అయితే టోస్ట్ చివరి ముక్క దాకా కరకరలాడుతుంది. ఏ ఒక్కదాంట్లో నీరు మిగిలినా పావుగంటలో మెత్తబడిపోతుంది. కింద చెప్పేదంతా ఆ నీటి కోసమే.

పన్నెండు మందికి మనిషికి మూడు ముక్కలు చొప్పున లెక్క వేసుకుని, నాలుగు ఎక్కువే ఉండేలా 40 ముక్కలు చేస్తాను. దానికి పది స్లైసుల బ్రెడ్డు చాలు.

మొదట పచ్చడి. రెండు రోజుల ముందు చేసినా ఇబ్బంది లేదు, నిలవ ఉన్నకొద్దీ రుచులు కలిసి ఇంకా బాగుంటుంది. చెక్కు తీసిన అల్లం 60 గ్రాములు, చింతపండు 30 గ్రాములు, బెల్లం 90 గ్రాములు, ఎండుమిరపకాయలు ఎనిమిది, పచ్చిశెనగపప్పు ఒక పెద్ద చెంచా, మినప్పప్పు ఒక పెద్ద చెంచా, జీలకర్ర అర చిన్న చెంచా, ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచా, నూనె మూడు పెద్ద చెంచాలు. గుంటూరు కాయలైతే ఆరే వేయండి. పెసరట్టులోకి చేసుకునే పచ్చడి కంటే ఇందులో తీపి ఒక పాలు ఎక్కువే ఉండాలి, ఎందుకంటే బ్రెడ్డూ పెరుగూ రెండూ చప్పగా ఉంటాయి.

బెల్లం ముదురు రంగుది తీసుకోండి. మాకు దగ్గరలో అనకాపల్లి బెల్లం దొరుకుతుంది కాబట్టి అదే వాడతాను. పసుపుపచ్చగా మెరిసిపోయే బెల్లానికి ఆ రంగు రావడానికి చాలాచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. నల్లబెల్లంలో ఉండే లోతైన రుచి అందులో రాదు. అల్లం లేతగా ఉంటే మంచిది. ముదురుదైతే పీచుకు అడ్డంగా సన్నగా తరగండి, లేకపోతే మిక్సీలో ఎంత తిప్పినా దారాలు నోటికి తగులుతాయి. కడిగాక గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి.

చింతపండును పావు గ్లాసు వేడినీళ్లలో నానబెట్టి చిక్కటి గుజ్జు తీసి పెట్టుకోండి. మూకుడులో రెండు చెంచాల నూనె వేసి పప్పులు ఎర్రబడేదాకా వేయించి, జీలకర్ర, మిరపకాయలు వేసి, మిరపకాయలు ఉబ్బగానే అన్నీ తీసేయండి. అదే నూనెలో అల్లం ముక్కలు వేసి సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. అంచులు రంగు తిరిగి పచ్చివాసన పోవాలి. ఇక్కడ తొందరపడితే పచ్చడి చేదెక్కుతుంది. మిక్సీలో ముందు పప్పులు, మిరపకాయలు పొడి చేసి, తర్వాత అల్లం, చింతపండు గుజ్జు, బెల్లం, ఉప్పు వేసి మెత్తగా తిప్పండి. నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. మిక్సీ తిరగనని మొరాయిస్తే మధ్యలో ఆపి గరిటెతో కలిపి మళ్లీ తిప్పండి, బెల్లం కరిగేకొద్దీ అదే దారికొస్తుంది.

మామూలుగా పచ్చడి ఇక్కడితో అయిపోతుంది. టోస్ట్ కోసమైతే ఇంకో మెట్టు ఉంది. మిగిలిన చెంచా నూనె మూకుడులో వేసి ఈ ముద్దను అయిదారు నిమిషాలు సన్నని సెగ మీద ఉడికించాలి. అంచులు వదిలి గరిటెతో పాటు కదులుతుంటే అయినట్టే. ఒక చెంచా పళ్లెంలో పెట్టి రెండు నిమిషాలు ఆగండి. చుట్టూ నీటి చెమ్మ వలయంలా ఊరుతుంటే ఇంకా ఉడకాలి, ఊరకపోతే దించేయండి. వేడిగా ఉన్నప్పుడు రుచి చూస్తే తీపి ఎక్కువైనట్టు అనిపిస్తుంది. కంగారు పడి చింతపండు కలపొద్దు, చల్లారేసరికి ఆ తీపి తగ్గినట్టు తెలుస్తుంది. పోపు అక్కర్లేదు, ఆవాలు బ్రెడ్డు మీద నుంచి దొర్లిపోతాయి. ఆరాక గాజు సీసాలో పెట్టి తడి చెంచా తగలకుండా చూసుకోండి.

పెరుగు పని రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలది. మీగడతో సహా తోడుపెట్టిన గట్టి పెరుగు అర కిలో పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. కొళాయికి వేలాడదీయడం పాత పద్ధతి, కానీ ఎండాకాలంలో తెల్లారేసరికి పులిసిపోతుంది. పొద్దున్నకి వెన్నలా గట్టిపడి సుమారు పావు కిలో మిగులుతుంది. అందులో చిటికెడు ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి కలిపి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు ముందే వేస్తే కారే నీళ్లలో పోతుంది. ఆ నీళ్లు పారబోయకండి, చపాతీ పిండి కలుపుకుంటే చపాతీలు మెత్తగా వస్తాయి. డాలస్‌లో ఉన్న మా అక్క కూతురికి ఈ మూట గొడవే లేదు, అక్కడ కొట్టులో వడగట్టిన గ్రీక్ యోగర్ట్ దొరుకుతుంది, అదే రాసేస్తుంది.

ఇక బ్రెడ్డు. బేకరీలో తియ్యటి మిల్క్ బ్రెడ్డు కాకుండా శాండ్‌విచ్ బ్రెడ్డు అడగండి. తియ్యటిది పెనం మీద లోపల ఆరకుండానే పైన మాడిపోతుంది, పైగా పచ్చడి తీపికి ఇంకో తీపి తోడవుతుంది. ఆ రోజే కాల్చిన మెత్తటి బ్రెడ్డు కంటే నిన్నటిది మంచిది. బేకరీలో కోయని మొత్తం బ్రెడ్డును మీ ఎదురుగా కోసిచ్చే వీలుంటే స్లైసు ఒక సెంటీమీటరు కంటే కొంచెం మందంగా కోయమనండి. అంచులు తీసేయకండి. ముక్క విరగకుండా పట్టి ఉంచేది అవే. ఒక్కో స్లైసును నాలుగు చదరాలుగా కోస్తాను. త్రికోణాలు చూడ్డానికి బాగుంటాయి గానీ మొనలు ముందు మాడతాయి.

కోసిన ముక్కలు పళ్లెంలో పరిచి అరగంట ఫ్యాను కింద ఉంచండి. తర్వాత దోసెల ఇనుప పెనం సన్నని సెగ మీద వేడిచేసి, నెయ్యి ఏమీ వేయకుండా ముక్కలు పరిచి ఒక్కో వైపు నాలుగు నిమిషాలు కాల్చండి. నెయ్యి ముందే వేస్తే పైన ఎర్రబడుతుంది, లోపల మాత్రం మెత్తగా ఉండిపోతుంది. పొడిగా కాలితే లోపలి తడి ఆవిరై పోతుంది. రెండు వైపులా లేత బంగారు రంగు వచ్చాక, కరిగిన నెయ్యి పైవైపు మాత్రం పల్చగా రాసి, ఆ వైపు ఇంకో నిమిషం కాల్చండి. ఈ నెయ్యి పూత రుచికే కాదు, పెరుగులో మిగిలిన తడి బ్రెడ్డులోకి తొందరగా దిగకుండా అడ్డుపడుతుంది. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవాళ్లు 150 డిగ్రీల సెల్సియస్‌లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, చివర్లో నెయ్యి రాసుకోవచ్చు. ఎక్కువమందికి చేసేటప్పుడు అదే సుఖం.

దించిన ముక్కలు పళ్లెంలో పోగుపోస్తే కింద ఆవిరి పట్టి అప్పటిదాకా పడ్డ శ్రమంతా పోతుంది. పిండి జల్లెడ బోర్లించి దాని మీద ఒక్కొక్కటిగా పరచండి, కింద నుంచి కూడా గాలి తగులుతుంది. చల్లారాక ఒకటి మధ్యలోకి విరిచి చూడండి. టక్కుమని విరగాలి. వంగితే ఇంకో రెండు నిమిషాలు పెనం మీద పెట్టాలి. పూర్తిగా ఆరాకే స్టీలు డబ్బాలో పెట్టి గట్టిగా మూత పెట్టండి. మాది సముద్రం పక్క ఊరు, గాలిలోనే చెమ్మ. వానాకాలంలో డబ్బా మూత నాలుగుసార్లు తీస్తే చాలు, ముక్కలు నీరసపడతాయి. అప్పుడు కూడా భయం లేదు, అతిథులు వచ్చే ముందు మూడు నిమిషాలు పెనం మీద పెట్టి తీస్తే మళ్లీ గట్టిపడతాయి.

వేరుశెనగ గుళ్లు గుప్పెడు దోరగా వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచుకోండి. దానిమ్మ గింజలు, కొత్తిమీర ఆకులు విడిగా పెట్టుకోండి. కొత్తిమీర కడిగితే బాగా ఆరాలి.

మనుషులు వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగాక ముక్కలు సిద్ధం చేయడం మొదలుపెట్టండి. 40 ముక్కలూ ఒక్కసారే చేయొద్దు. పన్నెండేసి చొప్పున చేసి పళ్లెం పంపండి, అది ఖాళీ అయ్యేలోపు ఇంకో పళ్లెం. నేను డబ్బాలన్నీ హాల్లో బల్ల మీదే పెట్టుకుని అందరితో మాట్లాడుతూ చేస్తాను. నెయ్యి రాసిన వైపు ఒక చిన్న చెంచా పెరుగు, దాని మీద మధ్యలో అర చెంచా పచ్చడి. పచ్చడిని అంచుల దాకా పరచొద్దు, పట్టుచీర కట్టుకుని వచ్చిన వాళ్ల వేళ్లకు అంటకూడదు కదా. పైన పల్లీ పలుకులు, నాలుగు దానిమ్మ గింజలు, ఒక్క కొత్తిమీర ఆకు. పెద్దది చేయకండి. ఒకటి రెండు కొరుకులలో అయిపోవాలి, అన్ని రుచులూ కలిసి నోట్లోకి వెళ్లాలి.

వేరుశెనగ పడనివాళ్లు ఉంటారు, ఒక మాట అడిగి వేయండి. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు కొన్ని ముక్కలు తక్కువ కాల్చి పక్కన ఉంచుతాను. చిన్నపిల్లలకు అల్లం ఘాటు బెల్లం పెంచినంత మాత్రాన తగ్గదు, వాళ్లకు పెరుగు మీద తేనె చుక్క, పల్లీలు చాలు. షుగర్ ఉన్నవాళ్లకు మొహమాటపెట్టి ఇంకోటి, ఇంకోటి అని వడ్డించకండి. ఇందులో బెల్లం బాగానే ఉందని ముందే చెప్పండి, ఎన్ని తినాలో వాళ్లే చూసుకుంటారు.

ఇందులో ఉల్లి, వెల్లుల్లి లేవు కాబట్టి కార్తీక వనభోజనాలకు కూడా పనికొస్తుంది. టోస్టు డబ్బా, పచ్చడి సీసా, పెరుగు గిన్నె వేరువేరుగా తీసుకెళ్లండి. పెరుగు గిన్నెను ఐసు ముక్కలు వేసిన పెద్ద గిన్నెలో కూర్చోబెట్టండి. ఉసిరి చెట్టు కింద చాప పరిచి మూడూ మధ్యలో పెడితే ఎవరిది వాళ్లే రాసుకుంటారు, పిల్లలకు అదో సరదా.

ఎండాకాలంలో దానిమ్మ మానేసి దోరగా పండిన బంగినపల్లి మామిడిని సన్నని చిన్న ముక్కలుగా కోసి పెడతాను. బాగా మగ్గిన పండు వద్దు, రసం కారుతుంది. అప్పుడు పచ్చడిలో బెల్లం 70 గ్రాములకు తగ్గించాలి. మా పక్కింటి కరీంనగర్ ఆవిడ పల్లీల బదులు వేయించిన నువ్వులు చల్లుతుంది. చలికాలంలో నాకు ఆవిడ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. పెరుగు నచ్చనివాళ్ల కోసం 200 గ్రాముల పనీర్‌ను రెండు చెంచాల పాలతో, ఉప్పుతో మిక్సీలో మెత్తగా చేసి రాయొచ్చు. కాస్త బరువుగా ఉంటుంది, రుచికి లోటు లేదు.

టోస్టులు మిగిలితే మిక్సీలో పొడి చేసి దాచండి, కట్‌లెట్లు చేసినప్పుడు పైన అద్దుకోవచ్చు. ఈ కొలతలకు పచ్చడి మాత్రం ఎప్పుడూ సగం దాకా మిగులుతుంది. అది తెలిసే నేను అతిథులు వెళ్లగానే పెసలు కడిగి నానబోసేస్తాను.