ఎంటీవీ అవార్డుల చరిత్ర చూడాలంటే: ఒక ఎడిటర్ చెప్పే దారి

పాటల వీడియోలకి ఎంటీవీ అనే అమెరికా ఛానల్ ఇచ్చే బహుమతులే ఎంటీవీ వీడియో మ్యూజిక్ అవార్డ్స్. ఆ పేరు యూట్యూబ్‌లో కొట్టండి. బ్రిట్నీ స్పియర్స్ భుజాల మీద కొండచిలువ, లేడీ గాగా పచ్చిమాంసం గౌను, ఎవరో ఎవరికో పెట్టిన ముద్దు... ఇవే వరసగా వస్తాయి. గంటసేపు చూస్తే ఇది గొడవల జాతర అనిపిస్తుంది. నేను పాటలు ఎడిట్ చేసి బతికేవాణ్ణి. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ఈ షో చరిత్రని వేరే దారిలో చూపిస్తాను. స్టేజి మీద ఏం జరిగిందన్నది తర్వాత. ఏ వీడియోకి, ఏ పనికి బహుమతి ఇచ్చారన్నది ముందు.

1984తో మొదలుపెట్టండి. ఛానల్ పుట్టింది 1981 ఆగస్టు 1న. అవార్డులు మొదలైంది 1984 సెప్టెంబరు 14న, న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో. ఆ రాత్రి అనగానే అందరూ పెళ్లి గౌనులో స్టేజి మీద దొర్లిన మడోన్నా గురించే చెబుతారు. మీరు మాత్రం మూడు వీడియోలు వెంటవెంటనే చూడండి: మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్', ద కార్స్ బ్యాండు 'యూ మైట్ థింక్', హెర్బీ హాంకాక్ 'రాకిట్'. 'వీడియో ఆఫ్ ది ఇయర్' థ్రిల్లర్‌కి రాలేదు, ద కార్స్ ఎగరేసుకుపోయింది! గాయకుడి తలకాయ తెచ్చి ఈగకి అతికించారందులో. ఇవాళ ఫోన్‌లో ఏ పిల్లాడైనా చేసే పని, అప్పట్లో మాత్రం కంప్యూటర్‌తో అలా అతకడమే వింత. 'రాకిట్' అయితే ఇంటినిండా మరబొమ్మలే, హాంకాక్ ఒక టీవీలో మాత్రం కనిపిస్తాడు. దానికి అయిదు అవార్డులు, థ్రిల్లర్‌కి మూడు. తొలి ఏడాదే ఈ షోకి దేనిమీద మోజో తెలిసిపోయింది. తీర్పు తప్పనే నేనంటాను, కానీ అప్పటి జనం దేనికి నోరెళ్లబెట్టారో ఆ తీర్పులోనే ఉంది.

తర్వాత నేరుగా 1987కి వెళ్లిపోండి. పీటర్ గాబ్రియల్ 'స్లెడ్జ్‌హామర్' ఒక్క రాత్రిలో తొమ్మిది అవార్డులు కొట్టింది. ఒకే వీడియోకి ఇన్ని రావడం మళ్లీ జరగలేదు. దీన్ని ఫోన్‌లో చూడకండి, కంప్యూటర్‌లో పెట్టండి. పాజ్ చేసి కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ కీ నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమూ ముందుకు జరుగుతుంది, కామా నొక్కితే వెనక్కి. తల లేని రెండు కోళ్లు డాన్సు చేసే చోట ఆపి నొక్కండి. ఒక్కో ఫ్రేముకీ కోడిని కాస్త కదిపి, మళ్లీ ఫొటో తీసి... అలా కట్టారు మొత్తం. గాబ్రియల్ ఒక గాజు పలక కింద పదహారు గంటలు పడుకున్నాడు. మా దగ్గర హీరో డేట్లు గంటల్లెక్కన దొరుకుతాయి కాబట్టి ఈ ముక్క చెప్పగానే పిల్లలు నవ్వుతారు.

1991 మనవాళ్లు తప్పక ఆగాల్సిన ఏడాది. ఆర్.ఈ.ఎం. బ్యాండు 'లూజింగ్ మై రిలీజియన్' ఆరు అవార్డులు గెలిచింది, వాటిలో వీడియో ఆఫ్ ది ఇయర్, దర్శకత్వం, ఎడిటింగ్ ఉన్నాయి. తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. మొదట్లోనే కూజా కిందపడి పాలు చెల్లాచెదురయ్యే షాట్ ఉంది చూడండి. పాట ఇంకా మొదలవ్వదు. రెక్కల ముసలాయన పైనించి పడటం, చీకటి గదిలో ఒకవైపు నించే వెలుగు, అన్నీ పాత నూనెరంగుల చిత్రాల్లా ఉంటాయి. సౌండ్ తీసేసి ఒకసారి, పెట్టి ఇంకోసారి చూడండి. కట్ ఎక్కడ దరువు మీద పడుతోంది, ఎక్కడ కావాలని తప్పుతోంది తెలుస్తుంది.

అన్నట్టు, ఎంటీవీ వీడియో మీద పాట పేరుతో పాటు దర్శకుడి పేరు వేయడం 1992లో గానీ మొదలుపెట్టలేదు. దర్శకత్వానికి అవార్డు మొదటి నుంచీ ఇస్తూనే, తెర మీద పేరు వేయడానికి ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట.

గొడవ కావాలంటే 1994ది చూడండి. స్పైక్ జోంజ్ తీసిన బీస్టీ బాయ్స్ 'సాబొటాజ్' అయిదింటికి నామినేట్ అయి ఒక్కటీ గెలవలేదు. దర్శకత్వం అవార్డు మళ్లీ ఆర్.ఈ.ఎం.కే పోయేసరికి, బీస్టీ బాయ్స్‌లో ఒకడైన ఆడమ్ యౌక్ మారువేషంలో స్టేజి ఎక్కి ఇదంతా అన్యాయమని గోల చేశాడు. 2009లో 'అప్పుడే గెలవాల్సిన వీడియో' అంటూ ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టి సాబొటాజ్‌కే ఇచ్చారు. అదే రాత్రి టేలర్ స్విఫ్ట్ చేతిలోంచి కాన్యే వెస్ట్ మైకు లాక్కున్నాడు, ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుకుంది.

వీడియోలు అయ్యాక విభాగాల జాబితా ఏడాదివారీగా తిరగేయండి. రాప్‌కి విడిగా అవార్డు 1989లో వచ్చింది. అంతకు ముందు నల్లవాళ్ల పాటలు వేయడం లేదని ఛానల్ గట్టిగా తిట్లు తిన్నది. ఆడ, మగ అని వేరువేరు అవార్డులు 2017లో తీసేశారు, బహుమతిగా చేతికిచ్చే మూన్‌మ్యాన్ అనే వ్యోమగామి బొమ్మ పేరు కూడా అప్పుడే మార్చారు. కొరియా పాటలకి కె-పాప్ విభాగం 2019లో వచ్చింది. 2020లో అయితే ఇంట్లో కూర్చుని తీసిన వీడియోకి కూడా అవార్డు. ఆఫ్రికా పాటలకి అఫ్రోబీట్స్ విభాగం 2023లో.

ఒక చిక్కు ఉంది. అవార్డు ఏడాదీ వీడియో విడుదలైన ఏడాదీ ఒకటి కాకపోవచ్చు. థ్రిల్లర్ 1983 డిసెంబరులో వచ్చింది, పోటీ పడింది 1984లో. నోట్స్ రాసుకునేటప్పుడు రెండు గడులు గీసుకోండి. యూరప్‌లో 1994 నుంచి ఎంటీవీయే జరిపిన ఈఎంఏలు (యూరప్ మ్యూజిక్ అవార్డ్స్) వేరే షో, వెతికేటప్పుడు రెండూ కలిసిపోతాయి. పాత షోలు పూర్తిగా దొరకడం కష్టం కాబట్టి ముక్కలతో సరిపెట్టుకుని, వీడియోలు మాత్రం కళాకారుల సొంత ఛానళ్లలోనే చూడండి. వేరేవాళ్లు ఎక్కించినవాటిలో ఫ్రేమ్ అంచులు కోసేసి ఉంటాయి.

కొత్త షో లైవ్‌లో చూడాలంటే, న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదికి మొదలైతే మనకి మర్నాడు పొద్దున అయిదున్నర. ముందు రోజే నామినేషన్లలో ఎడిటింగ్, సినిమాటోగ్రఫీ విభాగాల వీడియోలన్నీ చూసేసి, మీ ఓటు ఎవరికో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ విభాగాల ఫలితాలు స్టేజి మీద చదవకుండానే బయటపెట్టేస్తుంటారు, షో అయ్యాక జాబితా చూసి సరిపోల్చుకోండి.