ఉప్పునీటి పండుగప్ప పిల్లను మంచినీటి చెరువుకు అలవాటు చేయడం ఎలా?

హ్యాచరీలో (చేప పిల్లలను పుట్టించే కేంద్రంలో) పండుగప్ప పిల్ల దాదాపు 30 పీపీటీ (లీటరు నీటికి సుమారు 30 గ్రాముల ఉప్పు) ఉప్పునీటిలో పెరుగుతుంది. కైకలూరు వైపు చెరువుల్లో 5 పీపీటీ కూడా ఉండకపోవచ్చు. మంచినీటిలోనూ బతికే చేపే కదా అని సంచి విప్పి నేరుగా వదలకండి. బతుకుతుంది, కానీ ఒళ్లు మారే గడువు ఇవ్వాలి.

చేప రక్తంలోని ఉప్పు సుమారు 10–12 పీపీటీ నీటితో సమానం. సముద్రపు నీటిలో ఒంట్లోని నీరు బయటికి పోతుంటుంది. అందుకే చేప ఆ ఉప్పునీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల కణాలతో బయటికి నెట్టేస్తుంది. మంచినీటిలో ఇదంతా తిరగబడుతుంది. నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పు కారిపోతుంది. తాగడం గంటల్లోనే తగ్గుతుంది. మొప్పల కణాలు ఉప్పును లోపలికి లాగడం నేర్చుకోవడానికి రోజులు పడుతుంది. మన జాగ్రత్తంతా ఆ రోజుల కోసమే.

సంచిలోని నీటి ఉప్పెంతో హ్యాచరీలో అడిగి, 1000 లీటర్ల ట్యాంకులో అంతే ఉప్పున్న నీరు నింపి గాలి పెట్టండి. కట్టిన సంచిని 20–30 నిమిషాలు తేలనివ్వండి. విప్పాక ఆలస్యం చేయకుండా పిల్లలను ట్యాంకులో వదలండి: కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరిగితే సంచిలోని అమ్మోనియా విషమవుతుంది. ఆ రోజు ఉప్పు మార్చకండి.

మర్నాటి నుంచి రోజుకు 5 పీపీటీ తగ్గించండి. 30 నుంచి 25కి రావాలంటే 167 లీటర్లు తీసి అంతే మంచినీరు పోయాలి. ఆపై వరుసగా 200, 250, 333 లీటర్లు. నీరు ఒక్కసారిగా గుమ్మరించకుండా సన్నని ధారగా నాలుగైదు గంటల్లో మార్చండి. 10కి చేరాక తొందరపడితేనే ఎక్కువ దెబ్బ, ఎందుకంటే చేప పని తలకిందులయ్యేది అక్కడే. 10 నుంచి 5కి రెండు రోజులు తీసుకోండి: మొదటి రోజు 250 లీటర్లు, రెండో రోజు 333. రోజూ రిఫ్రాక్టోమీటర్‌తో (నీటి ఉప్పు కొలిచే పరికరంతో) సరిచూడండి. కాల్షియం తక్కువున్న నీటిలో మొప్పల నుంచి ఉప్పు ఇంకా ఎక్కువగా కారుతుంది కాబట్టి చెరువు నీటి కాఠిన్యం కూడా పరీక్షించాలి.

మేత పూర్తిగా ఆపితే పిల్లలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. నీరు మార్చాక కొద్దిగా వేయండి, పెద్దవాటిని వేరు చేయండి.

పిల్లలు నల్లబడి అడుగున పడి, మొప్పలు వేగంగా ఆడిస్తుంటే ఉప్పు తగ్గించడం ఆపండి. 10 పీపీటీ కంటే కిందికి వచ్చి ఉంటే, సముద్రపు నీరు కలుపుతూ నెమ్మదిగా మళ్లీ 10–12కి తెచ్చి ఒక రోజు ఉంచండి. అక్కడ ఒంటికి శ్రమ అతి తక్కువ.

చివరగా చెరువులో హాపా (వల గూడు) కట్టి 30 పిల్లలను 24 గంటలు ఉంచి చూడండి. అవి హుషారుగా మేత అందుకుంటే, మిగతావి ఉదయపు చల్లదనంలో వదలండి.