నీళ్ళ మీద రంపపు పొట్టు: ట్రైకోడెస్మియంని తెచ్చి నత్రజని కొలవడం ఎలా

ఫిబ్రవరి నెలాఖరు నుంచి మే దాకా మన తీరంలో గాలి పడిపోయి సముద్రం నూనె పోసినట్టుండే రోజులు కొన్ని వస్తాయి. ఆ రోజుల కోసమే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక సరంగు బాబాయ్‌కి ముందే చెప్పి పెట్టుకునేదాన్ని, నీళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపిస్తే ఫోన్ చెయ్యమని. మొదటిసారి బోటెక్కించుకున్నప్పుడు ఆయన "ఏటమ్మా, ఈ పొట్టు కోసమేటి ఇంత డీజిలు?" అన్నాడు. పొట్టు అనే మాట సరిగ్గా సరిపోతుంది. పాతకాలం నావికులు కూడా దీన్ని సముద్రపు రంపపు పొట్టు అనేవారట.

ఆ పొట్టులో ఒక్కో రేణువు ట్రైకోడెస్మియం అనే నీలి ఆకుపచ్చ నాచు పోగుల గుత్తి. వేరుశనగ వేరు బుడిపెల్లో రైజోబియం అనే బాక్టీరియా చేసే పనే ఇది ఉప్పునీళ్ళలో చేస్తుంది. గాలి నుంచి నీళ్ళలో కరిగిన నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. అలా మారుస్తోందని 1961లోనే చూపించారు. మీరు తెచ్చినది ఎంత మారుస్తోందో చూడాలంటే ఖరీదైన యంత్రం కంటే ముందు మీ చెయ్యి మెత్తగా ఉండాలి.

తెల్లారకముందే బయల్దేరండి. చార కనబడగానే ఇంజన్ ఆపించి, పొగగొట్టానికి అవతలి వైపు నుంచి ప్లాస్టిక్ బకెట్ మెల్లగా ముంచండి. ఇనుప బకెట్ వద్దు. నత్రజనిని పట్టే ఎంజైముకి ఇనుము కావాలి కాబట్టి, తుప్పు కలిస్తే మీరు కొలిచేది సముద్రాన్ని కాదు, బకెట్‌ని. వల కట్టి ఈడ్చకండి, గుత్తులు నలిగిపోతాయి.

తెచ్చింది అదేనా అని అక్కడే తేల్చుకోవచ్చు. గాజు గ్లాసులో పోసి కదపకుండా ఉంచండి. బురద అడుక్కి పోతుంది. ట్రైకోడెస్మియం కణాల్లో గాలి తిత్తులుంటాయి కాబట్టి కాసేపట్లో పైకి తేలి పొరకడుతుంది. మైక్రోస్కోపులో చిన్న లెన్సు చాలు. పోగులు చీపురుకట్టలా పక్కపక్కనే ఉంటాయి, లేదా మధ్య నుంచి చుట్టూ విరబోసుకుని దూదిపింజలా ఉంటాయి. గుండ్రటి ఆకుపచ్చ బుడగలు కనిపిస్తే అది నాక్టిల్యూకా అనే ఇంకో సూక్ష్మజీవి. అది వేరే కథ.

ఇక నేను చేసిన మొదటి తప్పు. చేపలు పాడవకుండా ఐసు పెట్టెలో పెడతారు కదా, నేనూ బాటిళ్ళని అందులోనే పెట్టాను. ఒడ్డుకి చేరేసరికి గుత్తి అన్నది లేదు, అంతా పీచు. ఇది వేడి నీళ్ళ జీవి, 20 డిగ్రీల లోపు చల్లదనం దీనికి పడదు. సముద్రపు నీళ్ళు పోసిన టబ్బులో, నీడన తీసుకురండి.

కొలవడానికి తేలికైన దారి అసిటిలీన్ పద్ధతి. నత్రజనిని పట్టే ఎంజైము అసిటిలీన్‌ని కూడా పట్టుకుని ఎథిలీన్‌గా మార్చేస్తుంది. ఎథిలీన్ అంటే కాయలు తమంతట తాము మగ్గేటప్పుడు విడిచే వాయువే. మామిడికాయలకి దొంగచాటుగా పెట్టే కార్బైడ్ మీద తడి తగిలితే వచ్చేది అసిటిలీన్. ల్యాబులో కూడా దాన్ని కార్బైడ్ మీద నీళ్ళు వేసే తయారు చేస్తాం. మంట దగ్గర వద్దు, కిటికీలు తెరిచి చెయ్యండి.

60 మిల్లీలీటర్ల సీసాలో వడకట్టిన సముద్రపు నీళ్ళు 30 పోసి, ప్లాస్టిక్ డ్రాపర్‌తో 30 గుత్తులు ఏరి వెయ్యండి. లెక్క రాసుకోండి. రబ్బరు మూత బిగించి, సిరంజితో 5 మిల్లీలీటర్ల గాలి తీసి 5 అసిటిలీన్ ఎక్కించండి. పది గంటలకల్లా ఎండలో, సముద్రపు నీళ్ళ టబ్బులో పెట్టేయాలి. ట్రైకోడెస్మియం పగలే నత్రజని పడుతుంది, మధ్యాహ్నం జోరు ఎక్కువ. మూడు నాలుగు గంటలాగి లోపలి వాయువును సిరంజితో తీసి, వాయువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో ఎథిలీన్ ఎంతుందో చూడండి.

దీంతోపాటు ఇంకో సీసాలో గుత్తులు లేకుండా నీళ్ళు, అసిటిలీన్ మాత్రమే పెట్టండి. దయచేసి ఇది ఎగ్గొట్టకండి. నేను ఒకసారి ఎగ్గొట్టాను. రీడింగ్ ఎంత బాగా వచ్చిందంటే ఆ రాత్రి నా పరిశోధన గైడ్‌గారికి ఫోన్ కూడా చేసేశాను. తర్వాత తెలిసింది, వెల్డింగ్ సిలిండర్ నుంచి పట్టిన ఆ అసిటిలీన్‌లోనే ఎథిలీన్ ఉంది! వేడి చేసిన రబ్బరు మూతలూ కొంచెం వదులుతాయి. గుత్తులు లేని సీసా రీడింగ్‌ని మీ రీడింగ్‌లోంచి తీసేశాక మిగిలిందే మీది. నల్ల కాగితం చుట్టిన సీసా కూడా ఒకటి పెడితే వెలుతురు సంగతి తెలుస్తుంది.

లెక్క చిన్నదే. ఒక అసిటిలీన్ అణువుని మార్చడానికి ఎంజైముకి 2 ఎలక్ట్రాన్లు కావాలి, ఒక నత్రజని అణువుకి 6. కాబట్టి గంటకి 12 నానోమోల్ (మోల్‌లో వంద కోట్లో వంతు ఒక నానోమోల్) ఎథిలీన్ వస్తే 3తో భాగించి 4 నానోమోల్ నత్రజని అనుకోవచ్చు. ఎంజైము దారిలో హైడ్రోజన్‌ని కూడా విడుస్తుంది. దాన్ని కలిపితే 8 ఎలక్ట్రాన్లు, భాగించేది 4తో. ఏది వాడారో రాయకపోతే ఇంకొకరికి ఆ అంకె పనికిరాదు. అణువులు లెక్కించారా, పరమాణువులా అన్నది కూడా రాయండి. అక్కడ రెట్టింపు తేడా వస్తుంది.

ఈ పద్ధతిలో మీకు దొరికేది కంటికి కనిపించే గుత్తులే. నత్రజని పట్టే ఒంటికణం జీవులూ ఉన్నాయి, యూసిన్-ఎ లాంటివి; వాటిని డ్రాపర్‌తో ఏరలేం. యూసిన్-ఎ ఒక నాచుకణంలో ఇమిడిపోయి, దాని శరీరభాగమే అయిపోయిందని 2024లో తేల్చి, నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. అలాంటి వాటికి నీళ్ళు నీళ్ళుగానే బాటిల్లో పట్టి నత్రజని-15 (మామూలు నత్రజని కంటే బరువైన రకం) వాయువు వాడాలి. దాన్ని బుడగగా ఎక్కిస్తే నిదానంగా కరిగి అంకె తక్కువ చూపిస్తుందని 2010లో బయటపడింది. ముందే సముద్రపు నీళ్ళలో కరిగించుకుని అది పోయండి.

మిగిలిన బకెట్ నీళ్ళు వెంటనే పారబోయకండి. ఒక సీసాలో పట్టి మూత పెట్టి ఉంచితే రెండు రోజుల్లో అడుగు నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. కణాలు పగిలి ఎర్ర వర్ణద్రవ్యం బయటికొచ్చిందన్నమాట. పట్టిన నత్రజని కూడా దాంతోపాటే నీళ్ళలోకి పోతుంది. మూత మాత్రం ల్యాబు బయటికెళ్ళి తీయండి, కంపు భరించలేరు.